బొమ్మలు కూడు పెడతాయా?



మన హాస్టళ్లలో బొమ్మలు వేసే పిల్లలు లేని సంవత్సరం ఉండదు. ఏప్రిల్ 14 వస్తే గోడ మీద బాబాసాహెబ్ బొమ్మ గీసేది వాళ్లే. ఆగస్టు 15కి నల్లబల్ల మీద రంగు సుద్దలతో జెండా వేసేది వాళ్లే. సైన్సు రికార్డులో గుండె బొమ్మ, మందార పువ్వు బొమ్మ రూములో ఉన్నవాళ్లందరికీ వేసిపెట్టేది వాళ్లే. ట్రంకు పెట్టె మూత లోపల అభిమాన హీరో బొమ్మ గీసుకునేదీ వాళ్లే.

మరి ఈ పిల్లలంతా పదో తరగతి దాటాక ఏమవుతున్నారు? ఎక్కువమంది ఇంటర్‌లోనే పెన్సిలు పక్కన పెట్టేస్తున్నారు. కారణం మనందరికీ తెలిసిన ఒక్క ప్రశ్న. "బొమ్మలు కూడు పెడతాయా?" ఇంట్లో అమ్మానాన్నలు అడుగుతారు. మాస్టార్లు అడుగుతారు. కొన్నాళ్లకు ఆ పిల్లలు తమను తామే అడుక్కుంటారు.

ఈ ప్రశ్నను నేను తప్పు పట్టను. కూలికి వెళ్లి పిల్లల్ని హాస్టల్లో చేర్చిన తల్లిదండ్రులకు ఆ ప్రశ్న అడిగే హక్కు పూర్తిగా ఉంది. నా అభ్యంతరం మనం చెప్పుకుంటున్న జవాబుల గురించి. కొందరు "పెట్టవు" అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. మరికొందరు సభల్లో మైకు పట్టుకుని "నీకు ఇష్టమైనదే చెయ్యి, డబ్బు దానంతట అదే వస్తుంది" అంటారు. ఈ రెండూ ఆ పని ఎలా ఉంటుందో చూడకుండా చెప్పిన జవాబులే. బొమ్మలతో కథ చెప్పి బతికే మనిషి నెల ఎలా గడుస్తుందో ఒకసారి దగ్గరగా చూస్తే అసలు జవాబు దొరుకుతుంది. బొమ్మల కథ అనేది దేవుడిచ్చిన వరం కాదు, నెలనెలా లెక్క చూసుకుని చేసే పని అన్నది నా అభిప్రాయం. పని అని తెలిస్తే మనకు భయం ఉండదు. పని మనకు కొత్త కాదు కదా!

ఒక నెల లెక్క

మనకు తెలిసిన పేరుతో మొదలుపెడదాం. 1947లో మొదలైన 'చందమామ' మాసపత్రికలో భుజాన శవాన్ని వేసుకుని, చేత కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ చూడని తెలుగువాడు అరుదు. ఆ బొమ్మ వేసిన శంకర్ గారి అసలు పేరు కె.సి. శివశంకరన్. 1952లో చందమామలో చేరి దాదాపు ఆరు దశాబ్దాలపాటు నెలనెలా బొమ్మలు వేశారు. 2020లో 97వ ఏట కన్నుమూశారు. 2021లో ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ఇచ్చింది. అయితే శంకర్ గారు ఒక సంస్థలో ఉద్యోగి. కథ వేరేవాళ్లు రాసేవారు. అచ్చు, అమ్మకం సంస్థ చూసుకునేది.

స్వతంత్రంగా కామిక్ గీసేవాడి సంగతి వేరు. కథ అతనిదే, బొమ్మ అతనిదే, పాత్రల మీద హక్కూ అతనిదే. నెలాఖరుకు జీతం ఇచ్చే యజమాని మాత్రం ఉండడు.

అటువంటివారిలో నాకు ఆదర్శంగా కనిపించే మనిషి స్టాన్ సకాయ్. 1953లో జపాన్‌లోని క్యోటోలో పుట్టి, హవాయిలో పెరిగి, అమెరికాలోని కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. 17వ శతాబ్దపు జపాన్ కత్తివీరుడు మియమోతో ముసాషి జీవితం ఆధారంగా ఒక బొమ్మల కథ వేయాలనుకున్నారు. ఒకరోజు నోటుబుక్కులో ఊరికే గీస్తూ ఒక కుందేలు బొమ్మ వేసి, దాని రెండు చెవుల్నీ సమురాయ్ జుట్టుముడిలా పైకి కట్టారు. ఆ రూపం ఆయనకు నచ్చింది. వీరుడు కాస్తా కుందేలు అయ్యాడు. 'ఉసాగి యోజింబో' అనే ఆ కామిక్ 1984లో మొదలైంది. నలభై ఏళ్లు దాటినా ఆ కుందేలు కథలు ఆగిపోలేదు. రెండు వందలకు పైగా సంచికలు వచ్చాయి.

ఇన్ని సంచికలకూ కథ రాసేది, పెన్సిలుతో గీసేది, ఇంకు వేసేది, మాటల బుడగల్లో అక్షరాలు చేత్తో రాసేది ఆయన ఒక్కరే. 2019 దాకా లోపలి పేజీలు ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే ఉండేవి. ఆ తర్వాత రంగుల్లో వస్తున్నాయి, ఆ రంగులు మాత్రం వేరేవాళ్లు వేస్తారు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. మామూలుగా ఒక సంచికకు 24 పేజీల కథ. నెలకు 30 రోజులు. ఆదివారాలు తీసేస్తే 26. రోజుకొక పేజీ పూర్తి చేసినా 24 రోజులు పోయాయి. ఇక కథ ఆలోచించడానికి మిగిలింది రెండు రోజులు! పేజీకి ఐదారు గడులు అనుకుంటే నెలకు 120 నుంచి 144 బొమ్మలు. ప్రతి గడిలోనూ మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఎటు చూస్తున్నాడు, వెనక గోడ ఏమిటి, మాట ఎక్కడ పడుతుంది అని తేల్చుకోవాలి. ముందు పేజీలో ఎడమ భుజాన ఉన్న మూట తర్వాతి పేజీలో కుడి భుజానికి మారితే చదివేవాడు పట్టుకుంటాడు.

అందుకే ఇటువంటి పని చేసేవాడి బల్ల మీద ఎప్పుడూ ఒక్క కథ ఉండదు. ఒకటి ఇంకు వేస్తూ ఉంటే, రెండోది చిన్న చిన్న చిత్తుబొమ్మలుగా ఉంటుంది, మూడోది తలలో నలుగుతూ ఉంటుంది. ఈ నెల బొమ్మ వేస్తూనే వచ్చే నెల కథ వెతకాలి. రైతు ఒక మడిలో కోత కోస్తూ ఇంకో మడికి నారు చూసుకున్నట్టు! మూడు వారాలు ఖాళీగా కూర్చుని నాలుగో వారం "మూడ్ వచ్చింది" అనుకుంటే ఈ పంట పండదు.

ఇంత చేసినా సకాయ్ గారు ఆ ఒక్క పని మీదే ఆధారపడలేదు. పత్రికల్లో వచ్చే 'స్పైడర్‌మాన్' ఆదివారం బొమ్మల కథకు అక్షరాలు రాసే పని ఏళ్ల తరబడి చేశారు. సెర్జియో అరగోనెస్ అనే చిత్రకారుడి 'గ్రూ' కామిక్‌కు కూడా అక్షరాలు రాశారు. బొమ్మ పెద్ద కళ, అక్షరం చిన్న పని అనుకోలేదు. ఇంటి ఖర్చుకు ఒక పని, మనసుకు ఒక పని చేశారు. మన పెద్దలు సాగుతో పాటు గేదెను కూడా పెట్టుకునేది ఇందుకే కదా.

హక్కు ఎవరిదో ముందే తేల్చుకోవాలి

బొమ్మ వేయడం ఎంత ముఖ్యమో, వేసిన బొమ్మ ఎవరిదో తెలుసుకోవడం అంతకన్నా ముఖ్యం. సూపర్‌మాన్‌ను సృష్టించింది జెర్రీ సీగల్, జో షూస్టర్ అనే ఇద్దరు యువకులు. 1938లో సూపర్‌మాన్ మీద సర్వ హక్కులూ 130 డాలర్లకు రాసిచ్చేశారు. ఆ తర్వాత ఆ పాత్ర మీద ఎంత డబ్బు వచ్చిందో ప్రపంచానికి తెలుసు. వాళ్లిద్దరూ ముసలితనంలో ఇబ్బందులు పడి, తోటి చిత్రకారులు గట్టిగా నిలదీశాక, 1975లో కంపెనీ వాళ్లకు ఏడాదికి 20,000 డాలర్ల చొప్పున పెన్షన్ ఇవ్వడానికి, బొమ్మ మీద వాళ్ల పేర్లు వేయడానికి ఒప్పుకుంది.

సకాయ్ గారు తన కుందేలును ఎవరికీ రాసివ్వలేదు. నలభై ఏళ్లలో ప్రచురణకర్తలు మారారు గానీ పాత్ర ఆయన దగ్గరే ఉంది. 2022లో ఆ కథ ఆధారంగా నెట్‌ఫ్లిక్స్‌లో యానిమేషన్ సీరియల్ వచ్చింది. వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న తాతల కథలు విన్నవాళ్లం మనం. సంతకం పెట్టేముందు కాగితం చదవాలన్న సంగతి మనకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

నెల ఆగిపోతే?

ఇక స్వతంత్రంలో ఉన్న కష్టం కూడా చెప్పుకోవాలి. జీతగాడికి సెలవు ఉంటుంది. స్వతంత్ర చిత్రకారుడికి చెయ్యి ఆగితే రాబడి ఆగుతుంది. సకాయ్ గారి భార్యకు తీవ్రమైన జబ్బు చేసి వైద్య ఖర్చులు పెరిగిన రోజుల్లో నెలనెలా కామిక్ తేవడం కుదరలేదు. అప్పుడు తోటి చిత్రకారులు ముందుకొచ్చారు. తలా ఒక కుందేలు బొమ్మ గీసి వేలానికి ఇచ్చారు. 2014లో ఆ బొమ్మలన్నీ కలిపి ఒక పుస్తకంగా కూడా తెచ్చారు. ఆమె ఆ ఏడాదే చనిపోయారు. 2015లో ఆయన మళ్లీ తన నెలనెలా పనికి వచ్చారు.

ఇది చదివినప్పుడు నాకు మన హాస్టల్ గుర్తొచ్చింది. ఒక పిల్లవాడికి జ్వరమొస్తే కాస్మెటిక్ చార్జీల డబ్బులు తలా కాస్త వేసుకుని మందులు తెచ్చే అలవాటు మనది. స్వతంత్రం అంటే ఒంటరితనం కాదు. వెనక నలుగురు ఉంటేనే ఒకడు స్వతంత్రంగా నిలబడగలడు.

ఉద్యోగం చేస్తూ గీయకూడదా?

"మన పిల్లలకు ముందు ఉద్యోగం కావాలి, తర్వాతే ఏదైనా" అనే పెద్దలకు నేను హార్వీ పీకర్ అనే మనిషిని పరిచయం చేస్తాను. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో మాజీ సైనికుల ఆసుపత్రిలో ఫైళ్లు సర్దే గుమాస్తా. 2001లో రిటైరయ్యేదాకా అదే ఉద్యోగం. ఈయనకు బొమ్మలు వేయడం రాదు! కాగితం మీద గడులు గీసి, పుల్లల్లాంటి మనుషుల్ని పెట్టి, మాటలు రాసి చిత్రకారులకు ఇచ్చేవారు. వాళ్లు దాన్ని బొమ్మలుగా వేసేవారు. 1976లో 'అమెరికన్ స్ప్లెండర్' అనే కామిక్‌ను సొంత డబ్బుతో అచ్చు వేయించి, ఆ తర్వాత దాదాపు ఏడాదికొకటి చొప్పున తెచ్చారు. మన వార్షికోత్సవ సంచికలాగే అన్నమాట.

అందులో వీరులు లేరు, రాక్షసులు లేరు. దుకాణం దగ్గర క్యూ, ఆఫీసులో తోటి గుమాస్తా చెప్పిన కబురు, జీతం చాలని నెల, ఒంటరి ఆదివారం. ఇవే కథలు. 2003లో ఆయన జీవితం మీద సినిమా వచ్చింది. ఉద్యోగం ఆయన చేతిని కట్టెయ్యలేదు సరికదా, కథలు ఇచ్చింది.

మన పూర్వ విద్యార్థుల్లో టీచర్లున్నారు, కానిస్టేబుళ్లున్నారు, నర్సులున్నారు, సచివాలయాల్లో పనిచేసేవాళ్లున్నారు. మీరంతా రోజూ చూసేదే కథ. కులం సర్టిఫికెట్ కోసం తిరిగిన రోజులు, స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకం కోసం ఎండలో నిలబడ్డ రోజులు, అమ్మ మొదటిసారి హాస్టల్లో దింపి వెనక్కి చూడకుండా వెళ్లిపోయిన రోజు. ఇవి ఏ కామిక్‌లో ఉన్నాయి? ఎవరు గీశారు?

మనం గీయకపోతే మనల్ని ఎవరో గీస్తారు

అసలు సంగతి ఇక్కడే ఉంది. 1949లో శంకర్ అనే ప్రసిద్ధ కార్టూనిస్టు (చందమామ శంకర్ గారు కాదు, ఢిల్లీలో 'శంకర్స్ వీక్లీ' నడిపినాయన) ఒక కార్టూన్ వేశారు. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్ గారు కూర్చుని ఉంటారు, వెనక నెహ్రూ కొరడా ఎత్తి ఉంటారు. ఆ కార్టూన్‌ను తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలో పెట్టారు. 2012 మే నెలలో పార్లమెంటులో పెద్ద గొడవ జరిగి ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. అది భావప్రకటన స్వేచ్ఛ అని కొందరు, అవమానం అని మనం వాదించుకున్నాం. నేను మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతాను. ఆ కాలపు పెద్ద పత్రికల్లో బాబాసాహెబ్‌ను అభిమానంగా గీసే చెయ్యి ఒక్కటైనా ఉందా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాడు మనవాడే. విజయవాడకు చెందిన కార్టూనిస్టు ఉన్నమతి శ్యామ సుందర్. 1932 నుంచి 1956 వరకు ఇంగ్లీషు పత్రికల్లో అంబేద్కర్ గారి మీద వచ్చిన కార్టూన్లు నూరుకు పైగా వెతికి పట్టి, ఒక్కొక్కదాని వెనక ఉన్న చూపు ఏమిటో వివరించి, 2019లో పుస్తకంగా తెచ్చారు. ఎన్నో బొమ్మల్లో బాబాసాహెబ్‌ను పొట్టివాడిగానో, అలిగిన పిల్లవాడిగానో, ఆడదానిగానో చూపించి నవ్వించబోయారు. శ్యామ సుందర్ విమర్శించి ఊరుకోలేదు, సొంతంగా అంబేద్కరిస్టు కార్టూన్లు గీస్తున్నారు. వాటిలో బాబాసాహెబ్ నవ్వులపాలయ్యే మనిషి కాదు, ఎదుటివాడి అజ్ఞానాన్ని చూసి నవ్వే మనిషి.

మన చేతుల్లో బొమ్మ పడితే దాని రూపమే మారుతుందనడానికి ఇంకో ఉదాహరణ 'భీమాయన'. 2011లో నవయాన ప్రచురించిన ఈ పుస్తకానికి బొమ్మలు వేసింది మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు. మనుషుల్ని గడుల్లో బంధించబోమని వాళ్లు చెప్పారు. గడులకు బదులు తమ ఇళ్ల గోడల మీద వేసే 'దిగ్న' ముగ్గు పేజీని విడదీస్తుంది. బాధపడ్డవాళ్ల మాటలు పక్షి ఆకారంలో ఉంటాయి. కులం విషం కక్కే మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది. బడిలో నీళ్లు ముట్టనివ్వని చిన్నతనం, 1927 మహద్ చెరువు పోరాటం అందులో కళ్లకు కడతాయి. మాటల బుడగకు తేలు కొండి పెట్టాలన్న ఆలోచన ఏ ఆర్ట్ కాలేజీ పుస్తకంలో ఉంది? అది వాళ్ల గోడ మీద నుంచి, వాళ్ల బతుకులో నుంచి వచ్చింది.

ఇవాళ ఫోనులో నాలుగు మాటలు టైపు చేస్తే కంప్యూటరే బొమ్మ వేసి ఇస్తోంది. ఇక చేత్తో గీయడం ఎందుకని పిల్లలు అడుగుతున్నారు. నిజమే, కంప్యూటరు నీటుగా వేస్తుంది. కానీ తెల్లవారుజామున ఒక్క కుళాయి దగ్గర నలభై బకెట్లు ఎలా వరస కడతాయో, ఆ వరసలో ఎవరి బకెట్ ముందుకు జరుగుతుందో దానికి ఎవరు చెప్పాలి? చూసినవాడే చెప్పాలి. చెప్పగలిగినవాడు గీయగలడు కూడా.

మన నెల

కాబట్టి నా ప్రతిపాదన ఇది. 24 పేజీలు వద్దు. నెలకు నాలుగు గడులు చాలు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. శరద్ శర్మ అనే కార్టూనిస్టు నడిపే 'వరల్డ్ కామిక్స్ ఇండియా' సంస్థ ఎన్నో రాష్ట్రాల్లో మామూలు గ్రామస్థుల చేత ఇలాగే గీయించింది. రెండు ఏ-ఫోర్ కాగితాలు కలిపి అంటించాలి. నాలుగు గడులు గీయాలి. మొదటి గడిలో సంగతి మొదలు కావాలి, రెండు మూడు గడుల్లో ముదరాలి, నాలుగో గడిలో తేలాలి. నల్ల పెన్నుతో వేస్తే జిరాక్స్‌లో చక్కగా వస్తుంది. కాపీలు తీసి టీ కొట్టు దగ్గర, బస్టాండులో, బడి గోడ మీద అంటిస్తారు. ఖర్చు జిరాక్స్ డబ్బులే.

ప్రతి హాస్టల్లో నెలకొక పేజీ నోటీసు బోర్డు మీదకు రావాలి. బొమ్మ వచ్చినవాడు గీయాలి, రానివాడు పీకర్ గారిలా కథ రాసివ్వాలి. ఒక నెల అబ్బాయిల హాస్టల్ కథ, ఒక నెల అమ్మాయిల హాస్టల్ కథ మార్చుకోవాలి. చెల్లెళ్ల కష్టాలు చెల్లెళ్లే గీస్తేనే మనకు తెలుస్తాయి. ఏడాదికి పన్నెండు పేజీలు, 48 గడులు. మన వార్షికోత్సవ సంచికలో అవి అచ్చు కావాలి.

చిత్తు కాగితాలు కూడా పారేయవద్దని నా మనవి. మన సంచికలో ఎప్పుడూ పూర్తయిన బొమ్మే వస్తుంది. దాన్ని చూసి ఎనిమిదో తరగతి పిల్లవాడు "అన్నకు వచ్చు, నాకు రాదు" అనుకుంటాడు. అదే బొమ్మ పక్కన మూడుసార్లు చెరిపి గీసిన చిత్తు కూడా వేస్తే "ఓహో, అన్నకు కూడా మొదట రాలేదు" అని తెలుస్తుంది. సగంలో ఉన్న పనిని చూపించడం సిగ్గుపడే విషయం కాదు, అది వెనక వచ్చేవాడికి పాఠం.

పూర్వ విద్యార్థులకు ఒక మాట. వార్షికోత్సవానికి వచ్చి శాలువాలు కప్పి వెళ్లిపోవడం మనకు అలవాటైంది. ఒక్కొక్కరు ఒక్కొక్క నెల తీసుకోండి. ఆ నెల కాగితం, పెన్నులు, జిరాక్స్ ఖర్చు భరించండి. గీసిన పిల్లకో పిల్లాడికో చిన్న మొత్తమైనా చేతిలో పెట్టండి. బహుమతిగా కాదు, పనికి కూలిగా. తన గీతకు విలువ ఉందని పద్నాలుగేళ్ల వయసులో తెలిసినవాడు ఇరవై నాలుగేళ్లకు 130 డాలర్లకు సంతకం పెట్టడు. పేజీ కింద గీసినవాడి పేరు, తరగతి తప్పకుండా వేయండి. ఇంకెక్కడైనా అచ్చు వేయాలంటే వాళ్లనే అడగండి.

వార్డెన్లకు ఒక విన్నపం. వారానికి ఒక్క స్టడీ అవర్ దీనికి ఇవ్వండి. నాలుగు గడుల వల్ల ఎవరూ పరీక్ష తప్పరు. చూసినదాన్ని నాలుగు ముక్కల్లో వరసగా చెప్పడం వచ్చినవాడికి పరీక్షలో జవాబు రాయడం కూడా తేలికవుతుంది.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. బొమ్మలు కూడు పెడతాయా? ఊరికే పెట్టవు. నెలనెలా పని చేస్తే, హక్కు వదులుకోకపోతే, పక్కన ఇంకో ఆధారం ఉంచుకుంటే, వెనక నలుగురు నిలబడితే కొందరికి తప్పకుండా పెడతాయి. పెట్టనివాళ్లకు కూడా ఒకటి మిగులుతుంది. వాళ్ల బతుకును వాళ్లే గీసుకున్నారన్న పేరు. చదువు కోసం పోరాడి సాధించుకున్న జాతికి కాగితం మీద నాలుగు గడులు సాధించుకోవడం పెద్ద పని కాదు.

ఆలోచించండి మిత్రులారా! వచ్చే నెల మొదటి ఆదివారం నోటీసు బోర్డు మీద మొదటి పేజీ కనిపించాలి.

జై భీమ్!